ఉష్ణమండల దేశానికి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

టికెట్ బుక్ అవ్వగానే డాక్టర్‌ని కలవండి, కనీసం 4 నుంచి 6 వారాల ముందే, ఎందుకంటే కొన్ని టీకాలకు ఒకటి కంటే ఎక్కువ డోసులు కావాలి, పనిచేయడానికి టైమ్ కూడా పడుతుంది. కొన్ని దేశాల్లోకి వెళ్లడానికి అడిగే ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా సర్టిఫికెట్ అయితే టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది.

మలేరియా మాత్రలు రాసిస్తే అవి ప్రయాణానికి ముందే మొదలవుతాయి, మందును బట్టి తిరిగొచ్చాక కూడా 1 నుంచి 4 వారాలు వేసుకోవాలి. ఇంటికొచ్చేశాం కదా అని మధ్యలో ఆపేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి.

దోమతెర ఒక్కటే సరిపోదు. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగీ దోమ పగలు కుడుతుంది. అందుకే డీట్ (DEET, దోమల్ని దూరంగా ఉంచే రసాయనం) ఉన్న దోమల క్రీమ్, నిండు చేతుల చొక్కాలు సర్దుకోండి. ముందు సన్‌స్క్రీన్, దాని మీద దోమల క్రీమ్, వరస ఇదే.

- ఓఆర్ఎస్ ప్యాకెట్లు
- రోజూ వాడే మందులు, ప్రిస్క్రిప్షన్‌తో సహా, చేతి బ్యాగులోనే
- మెడికల్ ఇన్సూరెన్స్

నీళ్లు సీల్ ఉన్న బాటిల్‌వి లేదా మరిగించినవే, పళ్లు తోముకోవడానికి కూడా. ఐస్ వద్దు.

తిరిగొచ్చాక జ్వరం వస్తే, నెలల తర్వాతైనా సరే, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎక్కడికి వెళ్లొచ్చారో ముందే చెప్పండి.