పాత పత్రాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఊరు ఏం మానేసింది?

ఒక ప్రభుత్వ నివేదికను ఎవరు, ఎవరికోసం రాశారో గత పాఠంలో చూశాం. ఈసారి అందులో రైతును వెతుకుదాం. అందుకు రష్యా సామ్రాజ్యపు దక్షిణపు అంచున, పశ్చిమ జార్జియాలో ఉన్న గురియా ప్రాంతాన్ని, 1902–1906 మధ్య అక్కడి రైతుల తిరుగుబాటును తీసుకుంటున్నాను.

పోలీసుల రాతల్లో తుపాకులు, మంటలే ఎక్కువ. వాటిని కాసేపు పక్కన పెట్టి, ఊరివాళ్లు మానేసిన పనులను ఒక కాగితం మీద రాసుకోండి. గురియా విషయంలో ఆ కాగితం త్వరగానే నిండుతుంది. పంటలో నాలుగో వంతు నుంచి సగం దాకా భూస్వామికి పోయేది. 1902లో నిగోయిటి అనే ఊరి రైతులు రహస్యంగా కలిసి, పదో వంతుకు మించి ఇవ్వబోమని ప్రమాణం చేశారు. తర్వాత చర్చికి చెల్లించే రుసుములు ఆగాయి. సర్కారు కోర్టులకు వెళ్లడం మానేసి, తగాదాలను ఊరి సభలోనే తేల్చుకున్నారు. కట్టు తప్పినవాడిని వెలివేశారు. వాడి పొలానికి కూలి దొరకదు, వాడిని పలకరించేవాడుండడు. కోతకు మనిషి రాకపోతే ఎంత పెద్ద ప్రభువైనా దిగిరావలసిందే కదా!

తర్వాత తేదీలు చూడండి. బయటివాళ్లు రెచ్చగొట్టారని అధికారులు ఎప్పుడూ రాస్తారు. ఇక్కడ అందులో కొంత నిజముంది. 1902 మార్చిలో నల్ల సముద్రపు రేవు పట్టణం బటూమిలో చమురు కార్మికులు సమ్మె చేస్తే కాల్పులు జరిగాయి, చాలామందిని సొంత ఊళ్లకు తరిమేశారు. వారిలో గురియావాళ్లు ఎందరో. ఆ నిప్పును ఊళ్లకు చేరవేసింది సర్కారేనన్నమాట! కార్మికుల పక్షాన నిలిచిన మార్క్సిస్టు పార్టీవాళ్లు, అంటే సోషల్ డెమోక్రాట్లైతే, రైతులను పార్టీలోకి తీసుకోవడానికి మొదట వెనకాడారు.

1905లో క్రిమ్-గిరేయ్ అనే అధికారి గురియా ఊళ్లు తిరిగి రైతుల కోరికలు విన్నాడు. ఆ కోరికల్లో భూమి, పన్నుల పక్కనే వాక్స్వాతంత్ర్యం, సమావేశ స్వేచ్ఛ కనిపిస్తాయి. ఇలాంటి పత్రం చేతికొస్తే రెండు రంగుల పెన్సిళ్లు పట్టండి: పొలం నుంచి వచ్చిన మాటకు ఒకటి, కరపత్రం నుంచి వచ్చినదానికి ఒకటి. రెండోదాన్ని అరువు మాటని కొట్టిపారేయకండి. సభలో పదిమంది ముందు దాన్ని పలికింది రైతే. ఏ రంగూ తేలని వాక్యాల దగ్గరే ఎక్కువసేపు ఆగాలి.

1906 ఆరంభంలో ఈ తిరుగుబాటును అణచడానికి జనరల్ అలీఖానోవ్ సైన్యం గురియాలో ఇళ్లు తగలబెట్టిన సంగతి ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది.

అభ్యాసం: 1905 చివర, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలోనే ఉన్న లాత్వియాలో, అక్కడి జర్మన్ భూస్వాముల భవంతులు కాలాయి. దాని గురించి దొరికిన కథనం చదివి, ఆ మంటలకు ముందు ఊళ్లలో ఏయే పనులు ఆగాయో ఐదు పంక్తుల్లో రాయండి. వచ్చే పాఠంలో అర్జీల కింది సంతకాలు, వేలిముద్రలు చూద్దాం.