తగ్గిన బరువు నిలవాలంటే తిండి లెక్క రాసుకునే పద్ధతి

బరువు తగ్గించుకునే రోజుల్లో తిన్నదల్లా శ్రద్ధగా రాసుకున్నవారు కూడా అనుకున్న బరువుకు చేరగానే ఆ పుస్తకాన్ని పక్కన పడేస్తారు. నిజానికి దాని అవసరం ఎక్కువయ్యేది అప్పటినుంచే. బరువు తగ్గిన శరీరం మునుపటికంటే తక్కువ శక్తితో రోజు గడుపుకుంటుంది. ఆకలిని నడిపించే హార్మోన్లు మాత్రం ఏడాది గడిచినా పూర్వస్థితికి రావని, అవి మనిషిని మళ్లీ తినమనే వైపే ఉంటాయని, 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి చూపింది. ఖర్చు తగ్గి ఆకలి పెరిగిన ఈ స్థితిలో రోజుకు ఒక గరిటె అన్నమో, ఒక చెంచా నూనో ఎక్కువైతే ఎవరికీ తెలియదు; నెలలు గడిచి, బట్టలు నడుము దగ్గర బిగిశాకే తెలుస్తుంది.

అయితే తగ్గేటప్పుడు రాసినంత వివరంగా ఏళ్ల తరబడి రాయడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు, కావలసిన అవసరమూ లేదు. అప్పటి లెక్క తిండిని కోయడానికి. ఇప్పటి లెక్క, తిండి ఎక్కడ మెల్లగా పెరుగుతోందో ముందే పసిగట్టడానికి. అందువల్ల రోజూ మారని వాటిని వదిలేసి, మారే నాలుగైదు విషయాలను మాత్రమే రాసే పొట్టి పద్ధతి ఏదైనా సరే, కచ్చితమైన కేలరీల పట్టీకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ముందు మీ ఇంటి కొలతలు తెలుసుకోవాలి

పుస్తకం మొదలుపెట్టే ముందు ఒక వారం పాటు వంటింటి ఎలక్ట్రానిక్ తూకాన్ని దగ్గర పెట్టుకోవాలి. ఆ వారం తరవాత దానితో పెద్దగా పని ఉండదు. ఖాళీ కంచాన్ని తూకం మీద పెట్టి, సున్నా చేసే మీట నొక్కి, రోజూ వడ్డించుకున్నట్లే అన్నం వడ్డించుకొని ఎంత తూగిందో చూడాలి. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు ఇస్తుంది. కుక్కర్లో మెత్తగా ఉడికిన అన్నానికి, గంజి వార్చి పొడిపొడిగా వండిన అన్నానికి నీటి పాలులో తేడా ఉంటుంది గనక ఇతరుల ఇంటి కొలత మీకు పనికిరాదు. మీ ఇంటి గరిటెతో, మీ ఇంటి బియ్యంతోనే చూడాలి.

ఇక్కడ మన భోజనానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. అన్నం ఒకేసారి కంచంలో పడదు. పప్పుతోనో కూరతోనో ఒక మారు, చారుతోనో పులుసుతోనో ఇంకొక మారు, పెరుగుతో చివరి మారు వడ్డించుకుంటాం. ఎంత అన్నం తింటారని అడిగితే చాలామంది మొదటి మారు వడ్డనను చూసే చెబుతారు. పెరుగన్నం వాళ్ల లెక్కలోకే రాదు. కాబట్టి ప్రతి మారూ వేరువేరుగా తూచి, మొత్తం కలిపి చూసుకోవాలి. మూడు మార్లూ కలిసి 300 గ్రాములైతే అన్నం ఒక్కటే దాదాపు 390 కేలరీలు. 400 అయితే 520. రోజుకు రెండు పూటలా అన్నమే తినేవారికి ఈ తేడా రెట్టింపు అవుతుంది.

ఇలా తూచాక ఇకమీదట గ్రాములు రాయనక్కరలేదు. ఒక మారు అంటే మీ ఇంట్లో ఎంతో మీకు తెలుసు గనక మార్ల సంఖ్య రాస్తే చాలు. పెరుగు గిన్నె, చట్నీ గరిటె, నెయ్యి వేసే చెంచా, కాఫీ గ్లాసు కూడా అదే వారంలో ఒక్కసారి కొలిచి పుస్తకం అట్ట లోపలి వైపు రాసి ఉంచుకోవాలి. 5 మిల్లీలీటర్ల చిన్న చెంచాడు నెయ్యి దాదాపు 40 కేలరీలు, అంతే చెంచాడు చక్కెర దాదాపు 20. ఆఫీసులో రోజుకు నాలుగు టీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర వేసుకొని తాగేవారికి పాలు కాకుండానే 160 కేలరీలు టీ గ్లాసులోంచి వస్తున్నాయన్నమాట.

నూనె, బియ్యం: ప్యాకెట్ మీద తేదీ

కంచంలో కొలవలేనిది నూనె. వేపుడులో ఎంత పీల్చుకుందో, తాలింపులో ఎంత పడిందో తినేవారికి తెలియదు, వండేవారు కూడా చేతి అంచనాతోనే పోస్తారు. దీనికి పూట పూటా లెక్క పెట్టుకోవడం కంటే తేలికైన దారి ఉంది. కొత్త నూనె ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద తేదీ వేసి, అయిపోయిన రోజున ఆ రెండు తేదీలనూ పుస్తకంలో రాయాలి. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు ఖర్చయితే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు, అంటే సుమారు 23 గ్రాములు. అదే నాలుగు లీటర్లయితే 30 గ్రాములు దాటుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల నమూనా భోజనానికి చూపిన నూనెలు, కొవ్వుల పరిమాణం రోజుకు 27 గ్రాములు. ఇందులో నెయ్యి కూడా కలుస్తుందని, ఆవకాయ జాడీలో పోసిన నూనె, బయట తిన్న బజ్జీల నూనె మీ ప్యాకెట్ లెక్కలోకి రావని గుర్తుంచుకోవాలి. బంధువులు వచ్చిన వారం, పిండివంటలు చేసిన వారం పక్కన చిన్న గుర్తు పెడితే ఆ నెల అంకె చూసి కంగారుపడే అవసరం ఉండదు.

బియ్యం బస్తాకూ ఇదే పద్ధతి. 26 కిలోల బస్తా నలుగురికి 40 రోజులు వస్తే తలకు రోజుకు సుమారు 160 గ్రాముల బియ్యం, అంటే 570 కేలరీల దాకా. వచ్చే బస్తా 33 రోజులకే అయిపోతే ఇంట్లో ఎవరో ఎక్కువ తింటున్నట్లే. ఎదిగే పిల్లలైతే సంతోషం, కాకపోతే మీ పేజీలు ఒకసారి తిరగేయాలి.

రోజు పేజీ ఎలా ఉండాలి

పేజీ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఒక రోజు ఇలా ఉండవచ్చు (చ. అంటే చక్కెర చెంచాలు):

ఉ. ఇడ్లీ 3, పల్లీ చట్నీ 1 గరిటె, కాఫీ (చ. 1)
11 గం. టీ (చ. 2), బిస్కెట్లు 2
మ. అన్నం 3 మార్లు, నెయ్యి 1, బెండకాయ వేపుడు, పెరుగు గిన్నె
సా. టీ (చ. 2), బండి దగ్గర పునుగులు 6
రా. పుల్కాలు 2, పప్పు, పిల్లవాడి కంచంలో మిగిలిన అన్నం

దీనిలో కేలరీల గడి లేదు, ఉండనక్కరలేదని నా అభిప్రాయం. ఆకుకూరలు, పల్చని చారు, నీళ్ల మజ్జిగ, దోసకాయ, సొరకాయ వంటివి ఎంత తిన్నారో రాయకపోయినా నష్టం లేదు. తప్పకుండా రాయవలసినవి అన్నం మార్లు, నూనెలో వేగినవి, తీపి, పల్లీలు, కొబ్బరి, ఇంకా భోజనాల మధ్య నోట్లో పడినవి. పల్లీలు మంచి ఆహారమే, కాని గుప్పెడు గుప్పెడుగా పోతాయి. 100 గ్రాములకు 500 కేలరీలకు పైగా ఉంటాయి. మిగిలిన కూర పారేయడం ఇష్టం లేక గిన్నె ఊడ్చి తినడం, పిల్లలు వదిలేసిన ముద్దలు తినడం, వంట చేస్తూ ఉప్పు చూడటం కోసం రెండు మూడు చెంచాలు తినడం వంటివి వంటింట్లో ఉండేవారికి రోజూ ఉంటాయి. ఆ చివరి వరుసలో రాసిన అన్నం లాంటివి చాలామంది భోజనంగా లెక్క వేయరు గనక, పుస్తకంలో అన్నిటికంటే పనికొచ్చే వరుస అదే.

రాయడం తిన్న వెంటనే జరగాలి. రాత్రి పడుకునే ముందు రోజంతా గుర్తు చేసుకొని రాస్తే టీలు, బిస్కెట్లు, పునుగులు జారిపోతాయి. ఎంత తిన్నా తక్కువే తింటున్నామని నమ్మే కొందరిని 1992లో అమెరికాలో ప్రయోగశాల పద్ధతులతో పరీక్షిస్తే, వారు చెప్పిన తిండి అసలు తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువని తేలింది. 2008లో దాదాపు 1,700 మందిని పరిశీలించిన మరొక అమెరికా అధ్యయనంలో రోజూ రాసినవారు అసలు రాయనివారికంటే రెట్టింపు బరువు తగ్గారు. అది తగ్గేటప్పటి సంగతే అయినా రాయడం వల్ల తినే చెయ్యి ఒక క్షణం ఆగుతుందన్న మాట నిలబెట్టుకునేటప్పుడూ వర్తిస్తుంది.

కాగితమా, ఫోన్ యాపా అన్నది మీ అలవాటును బట్టి. యాప్‌లో ‘పప్పు ఒక కప్పు’ అని వెతికితే పదిమంది పది రకాలుగా నమోదు చేసిన అంకెలు వస్తాయి, వాటిలో మీ ఇంటి ముద్దపప్పుకు ఏది దగ్గరో తేల్చుకోవడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. అంకెలు కావాలనుకునేవారు జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలను చూసుకోవచ్చు. అందులో 528 ఆహారాల వివరాలున్నాయి.

పెళ్లి భోజనాలు, పండుగలు, ప్రయాణాలు వచ్చినప్పుడే పుస్తకం ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. విస్తరిలో ఇరవై రకాలు వడ్డించాక ఏది ఎంతో ఎవరూ రాయలేరు. అలాంటి పూటకు ‘పెళ్లి, మధ్యాహ్నం, ఎక్కువ’ అని మూడు మాటలు రాసి ఊరుకోవాలి. ‘ఎక్కువ, మామూలు, తక్కువ’ అన్న మూడు గుర్తులు చాలు. ఖాళీ పేజీ కంటే మూడు మాటల పేజీ నయం, ఎందుకంటే ఖాళీ పేజీ మర్నాటికి కూడా పాకుతుంది. పండుగ పిండివంటల్లో అరిసెలు, బూరెలు, సున్నుండలు సంఖ్యతో రాయడం తేలిక. జంతికలు, చేగోడీలు డబ్బాలోంచి నేరుగా తినకుండా గిన్నెలో పెట్టుకుంటే ఎన్ని గిన్నెలో రాయవచ్చు. అత్తగారింట్లోనో అమ్మమ్మ ఇంట్లోనో కొసరి వడ్డిస్తుంటే మొహమాటపడేవారికి ఈ పుస్తకం ఏమీ చేయలేదు గాని, ఆ రోజులు నెలకు ఎన్నో మాత్రం చెబుతుంది.

తూకం యంత్రంతో కలిపి చూడాలి

తిండి పుస్తకం ఒక్కటే ఉంటే అది సరిపోతోందో లేదో తెలియదు. పొద్దున్నే కాలకృత్యాలు తీరాక, ఏమీ తినకముందు, అదే యంత్రం మీద బరువు చూసుకొని పేజీ పైన రాయాలి. రోజు అంకెను పట్టించుకోకూడదు. రాత్రి బిర్యానీ తిన్నా, ఆవకాయ ఎక్కువైనా, ఉప్పు పట్టి ఉంచిన నీటివల్ల పొద్దునకు కిలో దాకా పెరగవచ్చు. స్త్రీలకు నెలసరి ముందు కూడా ఇలాగే అవుతుంది. వారానికి ఒకసారి ఏడు అంకెల సగటు తీసి, కిందటి వారంతో కాకుండా మీరు నిలబెట్టుకోవాలనుకున్న బరువుతో పోల్చాలి.

అమెరికాలో 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ ప్రారంభించిన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో చేరినవారు కనీసం 13.6 కిలోలు తగ్గి, దాన్ని ఏడాదైనా నిలబెట్టుకున్నవారు. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతులమంది వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. తమంతట తాము చేరినవారి జాబితా కాబట్టి, బరువు చూసుకోవడం వల్లనే నిలిచిందని దాన్నిబట్టి తీర్మానించలేం. 2006లో వింగ్ బృందం ప్రచురించిన ప్రయోగం మరికొంత గట్టిది. అందులో పాల్గొన్నవారికి పెరిగిన బరువును బట్టి పచ్చ, పసుపు, ఎరుపు మండలాలు కేటాయించి, ఎరుపులోకి వస్తే మళ్లీ బరువు తగ్గే పద్ధతులకు మళ్లాలని చెప్పారు. 5 పౌండ్లు, అంటే సుమారు 2.3 కిలోలు పెరిగితే ఎరుపు.

మనం కూడా అలాంటి గీత ఒకటి గీసుకోవచ్చు. వారపు సగటు అనుకున్న బరువుకు కిలోన్నర లోపు ఉన్నంతకాలం పొట్టి పద్ధతి చాలు. మూడు నాలుగు నెలలు నిలకడగా ఉంటే వారానికి మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం ఉండేలా రాసినా సరిపోతుంది. సగటు రెండు కిలోలు దాటి రెండు వారాలు దిగకపోతే, రెండు వారాలపాటు ప్రతిదీ తూచి రాసే పాత పద్ధతికి వెళ్లాలి. అప్పుడు చూడవలసినవి మూడే: అన్నం మార్లు పెరిగాయా, నూనె ప్యాకెట్ తొందరగా అయిపోతోందా, సాయంత్రం వరుసలు పొడవయ్యాయా. దాదాపు ఎప్పుడూ వీటిలో ఒకటే దొరుకుతుంది. దొరికినదాన్ని ఒక్కదాన్నే సరిచేయాలి. అన్నం, నూనె, తీపి అన్నీ ఒకేసారి మానేస్తే పుస్తకంతో సహా అన్నీ మానేస్తారు.

నెలకొకసారి టేపుతో నడుము కొలిచి రాయడం కూడా మంచిది. భారతీయులకు పురుషుల్లో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువైనట్లు వైద్యులు భావిస్తారు. బరువు మారకుండా నడుము పెరగడం కండ తగ్గినవారిలో కనిపిస్తుంది.

గర్భిణులు, ఎదిగే పిల్లలు, ఒకప్పుడు తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవారు ఈ పద్ధతిని వైద్యుల సలహా లేకుండా మొదలుపెట్టకూడదు. రాయని పూట తినడానికే భయం వేస్తుంటే, పుస్తకం మూసేసి డాక్టరుతో మాట్లాడాలి. ఇన్సులిన్‌గాని, చక్కెర తగ్గించే మాత్రలుగాని వాడేవారు పేజీలు చూసి తమంతట తాము అన్నం తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి ఆ పుస్తకాన్నే వైద్యుడికి చూపించి మందుల మోతాదు సరిచేయించుకోవాలి. రాసిన తిండి మారకుండానే బరువు వారం వారం తగ్గుతూ పోతున్నా సంతోషించకూడదు. థైరాయిడ్, మధుమేహం, క్షయ వంటివి అలాగే బయటపడతాయి కాబట్టి, రెండు మూడు నెలల పేజీలు వెంట తీసుకొని వెళ్లి పరీక్షలు చేయించుకోవాలి.