గుండె లయ, రక్తం రిపోర్టు – 4వ పాఠం: రెండు కాగితాలూ పక్కపక్కన

ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడిస్తే ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లని పోయిన పాఠంలో చూశాం. ఆర్ మొనల (గుండె కొట్టుకున్న ప్రతిసారీ నిటారుగా లేచే మొనల) మధ్య గడులు లెక్కపెట్టమని ఇంటిపని కూడా ఇచ్చాను. వరసగా 20, 21, 19, 21, 19 వచ్చాయనుకుందాం. 40తో గుణిస్తే 800, 840, 760, 840, 760. సగటు 800. ఒక్కోదానికీ సగటుతో ఉన్న తేడాని వర్గం చేసి, అన్నీ కలిపితే 6400. ఐదులో ఒకటి తగ్గించి 4తో భాగిస్తే 1600. వర్గమూలం 40. లయలో ఊగిసలాట 40 మిల్లీసెకన్లన్నమాట.

హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ యంత్రం) రిపోర్టులో ఎస్‌డీఎన్‌ఎన్ అని రాసేది ఈ లెక్కే, కాకపోతే 24 గంటలది, మిల్లీసెకన్లలోనే. అది 50 లోపు ఉంటే బాగా తగ్గినట్టు, 100 దాటితే బాగున్నట్టు. ఆ 50ని తెచ్చి మన 40 పక్కన పెట్టి టెన్షన్ పడకండి. ఐదు విరామాల్లో పగలూ రాత్రీ తేడా ఎక్కడుంది? మా చిన్నాన్న హోల్టర్ పెట్టించుకున్న రోజే సింహాచలం మెట్లెక్కి వచ్చారు! ఏ గంటకు ఏం చేశారో రాసిన కాగితం జత లేకపోతే ఆ అంకెని నేను సగమే నమ్ముతాను.

ఇక మహారాణిపేట ల్యాబులో తీసుకున్న రెండో కాగితం, అంటే రక్తం రిపోర్టు. ముందు తేదీ చూడండి. రెండు పరీక్షల మధ్య నెలల దూరం ఉంటే పోలిక పనికిరాదు. తర్వాత ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే ప్రొటీన్ ముక్క. గుండె గోడ సాగితే కండర కణాలు దీన్ని రక్తంలోకి వదులుతాయి. నిలకడగా ఉన్న మనిషిలో మిల్లీలీటరుకు 125 పికోగ్రాముల లోపుంటే హార్ట్ ఫెయిల్యూర్ (గుండె నీరసించి రక్తాన్ని సరిగా పంపు చేయలేకపోవడం) అవకాశం తక్కువ. కిడ్నీ జబ్బు, వయసు దీన్ని పెంచుతాయి, ఊబకాయం తగ్గిస్తుంది.

గుండె నీరసిస్తే గోడ సాగుతుంది, ఈ అంకె పైకి పోతుంది. అదే సమయంలో గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం పట్టు సడలి, ఊగిసలాట కుంచించుకుపోతుంది. ఒకటి పెరగడం, రెండోది తగ్గడం అందుకే జతగా కనిపిస్తాయి. ఒకదాని వల్ల ఇంకొకటి వచ్చిందని మాత్రం అనుకోకండి, రెండింటి వెనకా ఉన్నది గుండె నీరసమే. ఒంట్లో వాపుని చూపే సీఆర్‌పీ అనే రక్త ప్రొటీన్ పెరిగినవాళ్లలోనూ ఊగిసలాట తక్కువగా ఉండడం చూస్తుంటాం.

చాలామంది బోల్తా పడేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు అదుపు తప్పి వణికే లయ జబ్బు) దగ్గర. అక్కడ విరామాలకు ఒక పద్ధతంటూ ఉండదు, లెక్కేస్తే ఊగిసలాట పెద్దదిగా వస్తుంది. దాన్ని చూసి 'నూరు దాటింది, బాగుంది' అనేస్తారు. ఎస్‌డీఎన్‌ఎన్ సక్రమంగా పుట్టిన గుండె స్పందనలకే చెల్లుతుంది. పైగా ఈ జబ్బులో హార్ట్ ఫెయిల్యూర్ లేకపోయినా ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ పెరుగుతుంది.

ఇంటిపని: ఇద్దరికీ ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 1800. ఒకరికి సక్రమ లయ, ఎస్‌డీఎన్‌ఎన్ 45. ఇంకొకరికి రోజంతా ఫిబ్రిలేషన్, ఎస్‌డీఎన్‌ఎన్ 160. ఎవరి కాగితం మీద ఏ అంకెని కొట్టేయాలి? జవాబు చూసుకున్నాకే 5వ పాఠంలో పొటాషియం, ఈసీజీలోని టీ అల సంగతి.