సీరియల్ పరికరాలకు బ్లూటూత్, 4వ పాఠం: లూప్‌బ్యాక్ బాగుంది, మరి పరికరం నుంచి చెత్తెందుకు వస్తోంది?

పోయిన పాఠం చదివి చేసి చూసినవాళ్లు ఎక్కువమంది ఒకే చోట ఇరుక్కున్నారు. సీరియల్ పరికరానికి బ్లూటూత్ తగిలించే హెచ్‌సీ-05 మాడ్యూల్‌లో పంపే టీఎక్స్, వినే ఆర్‌ఎక్స్ పిన్నులను చిన్న వైరుతో కలిపారు (ఇదే లూప్‌బ్యాక్), కంప్యూటర్లో టైప్ చేసిన అక్షరం అలాగే తిరిగొచ్చింది, ఇంకేముంది అనుకుని అసలు పరికరానికి తగిలిస్తే తెర నిండా పిచ్చి గుర్తులు. రెండు మాడ్యూళ్లను ఒకదానితో ఒకటి జతచేయడం ఈసారి చెబుతానన్నాను, అది వచ్చే పాఠానికి జరిపాను. ముందు ఇది తేలాలి. లోపం నా పాఠంలోనే ఉంది: లూప్‌బ్యాక్‌తో ఏది తెలుస్తుందో చెప్పాను, ఏది తెలియదో చెప్పలేదు.

మాడ్యూల్ ఏ వేగంతో పంపుతుందో అదే వేగంతో వింటుంది. పంపేదీ తనే, వినేదీ తనే అయినప్పుడు సెకనుకు 9600 బిట్ల వేగంలో ఉన్నా 115200లో ఉన్నా తన మాట తనకు అర్థమవుతుంది. కాబట్టి అక్షరం తిరిగొస్తే పెయిరింగ్ అయిందని, సరైన పోర్టు తెరిచారని, పిన్నులు పనిచేస్తున్నాయని అర్థం, అంతే. వేగం సరిపోయిందని కాదు.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పని ఒకటుంది, అది చూస్తే నాకు చిరాకు: టెర్మినల్ ప్రోగ్రాంలోకి (పోర్టుకు అక్షరాలు పంపి, వచ్చినవి చూపేది) వెళ్లి బాడ్ రేటు, అంటే ఈ వేగం, మార్చడం. 9600 పెట్టి చూస్తారు, 19200 పెడతారు, 115200 పెడతారు, ఏదీ కుదరక మాడ్యూల్ పాడైందని పక్కన పడేస్తారు. యూఎస్‌బీ కేబుల్‌తో ఆ పని చెల్లుతుంది, ఎందుకంటే అక్కడి చిప్ కంప్యూటర్ చెప్పిన వేగానికి మారుతుంది. బ్లూటూత్ పోర్టు అలా కాదు. అక్షరాలు గాల్లో ప్యాకెట్లుగా వెళ్తాయి, మీరు పెట్టిన అంకె కంప్యూటర్లోనే ఆగిపోతుంది, హెచ్‌సీ-05 దాన్ని పట్టించుకోదు. నమ్మకం కుదరకపోతే లూప్‌బ్యాక్ వైరు మళ్లీ పెట్టి టెర్మినల్లో 300 పెట్టండి, అక్షరం అలాగే వస్తుంది. 115200 పెట్టండి, అలాగే వస్తుంది. వైరు మీద నడిచే వేగం మాడ్యూల్ లోపల దాచుకున్నదే, దాన్ని లోపలికి వెళ్లి మార్చాల్సిందే.

మార్చడానికి బ్లూటూత్ పక్కన పెట్టి మాడ్యూల్‌ను యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్‌కు కలపండి. మాడ్యూల్ మీది బటన్ నొక్కిపట్టి కరెంటు ఇవ్వండి. ఎల్ఈడీ 2 సెకన్లు వెలిగి 2 సెకన్లు ఆరుతుంటే కమాండ్ మోడ్‌లోకి వచ్చినట్టు. ఇప్పుడు మాత్రం టెర్మినల్ వేగం ముఖ్యం, 38400 పెట్టాలి. లైన్ చివర సీఆర్, ఎల్ఎఫ్ (లైన్ ముగింపు గుర్తులు) రెండూ వెళ్లాలి, ఒక్కటే వెళ్తే జవాబు రాదు. "ఏటీ" కొడితే "ఓకే" వస్తుంది. తర్వాత "ఏటీ+యూఏఆర్‌టీ=115200,0,0". అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే, మధ్యలో ఖాళీ వద్దు. రెండో అంకె స్టాప్ బిట్, అంటే అక్షరం ముగిసిందని చెప్పే బిట్: 0 అంటే ఒక బిట్, 1 అంటే రెండు. "ఒక స్టాప్ బిట్టే కదా" అని 1 కొట్టేవాళ్లున్నారు, జాగ్రత్త. మూడోది పారిటీ, అంటే ఒకట్ల లెక్కను సరి లేదా బేసి చేయడానికి చేర్చే బిట్: 0 లేదు, 1 బేసి, 2 సరి. కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి.

నేనైతే కొత్త మాడ్యూల్ చేతికి రాగానే వేగం సెట్ చేసి, ఆ అంకెను దాని వెనక మార్కర్‌తో రాసేస్తాను. ఆరు నెలల తర్వాత ఎవరికి గుర్తుంటుంది?

చెత్తను కూడా చదవొచ్చు. 9600లో ఒక బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. మాడ్యూల్ 9600లో వింటుండగా పరికరం 115200లో పంపుతుంటే ఆ సమయంలో 12 బిట్లు దాటిపోతాయి, అంటే 10 బిట్ల (ఒక స్టార్ట్, 8 డేటా, ఒక స్టాప్) అక్షరం ఒకటి పూర్తిగా పోయి ఇంకా మిగులుతుంది. అందుకే పంపినవాటికంటే తక్కువ అక్షరాలు వస్తాయి. ఒక అక్షరం పంపితే నాలుగైదు చెత్త గుర్తులు వచ్చాయంటే మాడ్యూల్ వేగమే ఎక్కువ.

అసలు తలనొప్పి కొన్ని అక్షరాలు బాగా వచ్చి కొన్ని పాడైనప్పుడు. అంకెల్లో 0, 3, 5, 6, 9 సరిగ్గా వచ్చి 1, 2, 4, 7, 8 మాత్రం పాడైతే వేగం జోలికి వెళ్లకండి. పరికరం 7 డేటా బిట్లు, సరి పారిటీతో పంపుతోంది, మాడ్యూల్ ఆ పారిటీ బిట్‌ను ఎనిమిదో డేటా బిట్ అనుకుంటోంది. 1 అంకె ఆస్కీ కోడ్ (అక్షరానికి ఇచ్చిన ఏడు బిట్ల సంఖ్య) 0110001, అందులో ఒకట్లు మూడు, సరి చేయడానికి పారిటీ 1 అవుతుంది, అక్షరం మారిపోతుంది. 3 కోడ్ 0110011లో ఒకట్లు నాలుగు, పారిటీ 0, ఏమీ కాదు. హెచ్‌సీ-05లో 7 బిట్ల సెట్టింగ్ లేదు. పారిటీ లేకుండానే ఉంచి, వచ్చిన ప్రతి బైట్లో పై (ఎనిమిదో) బిట్‌ను ప్రోగ్రాంలో తీసేయండి.

అభ్యాసం: ఇంగ్లీషు 26 పెద్దక్షరాల ఏడు బిట్ల కోడ్‌లు కాగితం మీద రాసి, సరి పారిటీలో ఏవి పాడవుతాయో కంప్యూటర్ సాయం లేకుండా తేల్చండి. తర్వాత బేసి పారిటీకి మళ్లీ చేయండి. రెండు జాబితాల్లోనూ ఒకే అక్షరం కనిపించిందంటే ఎక్కడో లెక్క తప్పారు, అది దొరికేదాకా మాడ్యూల్ ముట్టుకోకండి.