ఉప్పులో తిరిగిన బైక్‌ని కడిగే పద్ధతి

అమెరికాలో యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానం తెలుసుగా, న్యూజిలాండ్ పెద్దాయన బర్ట్ మన్రో 1967లో తన పాత ఇండియన్ స్కౌట్ బైక్‌ని గంటకి 183 మైళ్ళు దాటించింది అక్కడే. అక్కడ రన్ అయ్యాక అసలు పని మొదలవుద్ది, ఎందుకంటే ఆ ఉప్పు తడిగా ఉంటది, మడ్‌గార్డ్ కింద, చైన్ లింకుల్లో, వైరింగ్ కనెక్టర్లలో ముద్దలు కట్టి ఎండితే సిమెంట్ లాగా బిగుసుకుపోద్ది.

అందుకే ఆరకముందే కడగండి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు బాస్, ఆ ఫోర్సుకి ఉప్పునీళ్ళు సీళ్ళు దాటి వీల్ బేరింగుల్లోకి పోతాయి, లోపల తుప్పు పట్టేదాకా మీకు తెలీదు కూడా. మామూలు పైపుతో మంచినీళ్ళు ధారగా, కింద నుంచి కూడా, చాలాసేపు పట్టండి. ఇంజిన్ చల్లారాకే.

తర్వాత చైన్. కిరోసిన్, మెత్తటి బ్రష్ చాలు, ఓ-రింగ్ చైన్ (లింకుల్లో రబ్బరు రింగులుండేది) అయితే వైర్ బ్రష్ తగలనీయొద్దు, రింగులు తెగితే లోపలి గ్రీజు పోద్ది, చైన్ పనైపోయినట్టే. గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక లోపలి వైపు నుంచి లూబ్ కొట్టండి. బ్రేక్ డిస్కుల మీద చుక్క కూడా పడకూడదు!

కనెక్టర్లు విప్పి ఆరబెట్టి డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తడి చేరనివ్వని గ్రీజు) రాయండి. చక్రం లేపి చేత్తో తిప్పి చూడండి, గరగరమంటే బేరింగ్ మార్చేయడమే.

వైజాగ్, కాకినాడ బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బైకులకీ ఇదే పద్ధతి.