తెలుగు తెరమీద బాగానే ఉంది, పైపు దాటగానే పాడవుతోంది: విండోస్‌లో సమస్య - పరిష్కారం

పైథాన్ స్క్రిప్టు నడిపితే తెలుగు పేర్లు తెరమీద కనిపిస్తాయి. అదే ఔట్‌పుట్‌ని పవర్‌షెల్ 5.1లో (విండోస్‌తో వచ్చే కమాండ్ కిటికీ) ఫైల్లోకి మళ్లించినా, పైపులో ఇంకో ప్రోగ్రాముకి పంపినా పాడవుతుంది. దారిలో మూడు చోట్ల మూడు ఎన్‌కోడింగులు (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతులు) ఉంటాయి కాబట్టి ఒకటి సరిచేయగానే రెండోది బయటపడుతుంది. సెట్టింగులు మార్చేముందు ఏం కనబడుతోందో చూడండి.

'చార్‌మ్యాప్' అంటూ ఎర్రర్ వచ్చి ఆగిపోతే

ఇది పైథాన్ దగ్గరి సమస్య. 3.6 వెర్షన్ నుంచి కన్సోల్‌కి (అంటే తెరమీదకి) యూనికోడ్‌లోనే రాస్తుంది గానీ, ఎదురుగా పైపు ఉంటే విండోస్ కోడ్ పేజీకి (కొన్ని భాషల అక్షరాలే ఉండే పాత ఎన్‌కోడింగ్), మామూలుగా 1252కి, మారిపోతుంది. అందులో తెలుగు అక్షరాలు లేవు. పైథాన్‌యూటీఎఫ్8 (PYTHONUTF8) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వండి (పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు). 3.7, ఆపై వెర్షన్లలో పనిచేస్తుంది.

గ్రీకు ఆల్ఫా, పక్కన చుక్కల గడి, మళ్లీ మళ్లీ అదే జంట

యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే ఎన్‌కోడింగ్) తెలుగు అక్షరం ప్రతిదీ మూడు బైట్లు. 'అ' అంటే 224, 176, 133. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. వీటిని పాత కోడ్ పేజీ 437లో చదివితే 224 ఆల్ఫా అవుతుంది, 176 చుక్కల గడి అవుతుంది. అంటే పైథాన్ సరిగ్గానే పంపింది, పవర్‌షెల్ తప్పుగా చదివింది. పైగా అలా చదివినదాన్ని యూటీఎఫ్-16లో ఫైల్లో రాస్తుంది కాబట్టి ఎడిటర్లో ఎన్‌కోడింగ్ మార్చి చూసినా తెలుగు రాదు.

పవర్‌షెల్‌లో కన్సోల్ ఔట్‌పుట్‌ఎన్‌కోడింగ్‌ని ([Console]::OutputEncoding) యూటీఎఫ్-8 చేయండి. కోడ్ పేజీని యూటీఎఫ్-8కి మార్చే సీహెచ్‌సీపీ 65001 (chcp 65001) కమాండ్ కొట్టాలనుకుంటే పవర్‌షెల్ తెరవకముందే కొట్టాలి, తర్వాత కొడితే పట్టించుకోకపోవచ్చు. ఒక్క ఫైలు కోసమైతే ఇదంతా ఎందుకు, సీఎండీలో (విండోస్ పాత కమాండ్ కిటికీ) మళ్లించండి. అది బైట్లను ముట్టుకోదు. పవర్‌షెల్ 7.4 కూడా అంతే. వీలుంటే దానికి మారిపోవడమే నా సలహా.

ఇప్పటికే పాడైన ఫైలుని పారేయకండి. ఆ గుర్తులను తిరిగి 437 బైట్లుగా మార్చి, యూటీఎఫ్-8గా చదివితే తెలుగు మొత్తం వెనక్కి వస్తుంది.

అన్నీ ప్రశ్న గుర్తులే

అసలు భయపడాల్సింది దీనికే. పవర్‌షెల్ 5.1 ఇంకో ప్రోగ్రాముకి పైపులో పంపేటప్పుడు ఆస్కీ వాడుతుంది, అందులో తెలుగు అక్షరాలు లేవు. ప్రతి తెలుగు అక్షరం బదులు నిజంగానే ఒక ప్రశ్న గుర్తు రాసేస్తుంది. ఆ ఫైల్లోంచి ఏ టూలూ తెలుగుని తీయలేదు. డాలర్ గుర్తుతో మొదలయ్యే ఔట్‌పుట్‌ఎన్‌కోడింగ్ వేరియబుల్‌ని ($OutputEncoding) యూటీఎఫ్-8కి మార్చి, మూలం నుంచి మళ్లీ నడపడం తప్ప దారి లేదు. పాత ఫైలుని తుడిచేసే ముందు అందులో ఉన్నవి ప్రశ్న గుర్తులా, పైన చెప్పిన ఆల్ఫా గుర్తులా చూసుకోండి.

ఖాళీ గడులు, విడిపోయిన ఒత్తులు

ఇవి ఎక్కువగా ఫాంటు, కన్సోల్ కిటికీల పరిమితి. ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు సరిగ్గా ఉంటే, మార్చాల్సిందేమీ లేదు.