కొత్త పికప్‌లో గేరు, ఫోర్ వీల్ డ్రైవ్ అనుమానాలు: ఏది సహజం, ఏది లోపం

కొత్త పికప్ ఇంటికి రాగానే చాలామంది డ్రైవ్ మార్చే నాబ్‌ను 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తి, మామూలు వేగం) మీదకు తిప్పి, సిమెంటు వాకిట్లోనే స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి చూస్తారు. బండి ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు బిగుసుకుంటుంది, ముందు చక్రాలు ఎగిరెగిరి పడతాయి, కింద టక్‌టక్‌మంటుంది. వెంటనే గేర్‌బాక్స్ పోయిందని భయం పట్టుకుంటుంది. నిజానికి అక్కడ లోపమేమీ లేదు. లోపం ఉన్న బండిని ఇలా పరీక్షిస్తే తెలియదు కూడా.

టయోటా హైలక్స్ కానీ, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ ఫోర్ వీల్ డ్రైవ్ రకం కానీ పార్ట్‌టైమ్ బళ్లు, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చేవి. వాటిలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. 4హెచ్‌లో పెట్టగానే ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ శక్తిని ముందుకూ వెనక్కూ పంచే పెట్టె) రెండు ఇరుసులకూ శక్తిని మోసే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులనూ కలిపి బిగించేస్తుంది, రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. కానీ మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద వలయంలో తిరుగుతాయి. వీల్‌బేస్ మూడు మీటర్లు దాటిన బండిని స్టీరింగ్ పూర్తిగా తిప్పి యూటర్న్ తీస్తే, ముందు చక్రాలు వెనక వాటికన్నా రెండు మీటర్లకు పైగా ఎక్కువ దూరం నడవాలి. బురదలో, ఇసుకలో ఆ తేడాకు చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారే వీలు లేదు. ఆ మెలి అంతా షాఫ్టుల్లో, వాటి చివర కీళ్లలాంటి క్రాస్ జాయింట్లలో, ట్రాన్స్‌ఫర్ కేసు చైనులో పేరుకుంటుంది. అందుకే ఎండిన తారు రోడ్డు, సిమెంటు మీద 4హెచ్ వద్దు. వాన పడ్డ తారు మీద కూడా అవసరం ఉంటేనే వాడండి, పదునైన మలుపులు తీయకండి.

అసలు పరీక్ష మట్టి నేల మీద చేయాలి. వదులు మట్టి ఉన్న బీడు కానీ, కంకర బాట కానీ చాలు. బండి తిన్నగా పోతుండగా, యాక్సిలరేటర్ మీద కాలు తేల్చి, 2హెచ్ (వెనక చక్రాలకే శక్తి) నుంచి 4హెచ్‌కు తిప్పండి. ఈ మార్పు ఎంత వేగం లోపు చేయవచ్చో బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం చెబుతుంది. మేమైతే గంటకు 40 నుంచి 60 కిలోమీటర్ల మధ్య చేయమంటాం. చక్రాలు జారుతున్నప్పుడు, స్టీరింగ్ పక్కకు తిరిగి ఉన్నప్పుడు మాత్రం నాబ్ ఎప్పుడూ తిప్పకండి. ఒక ఇరుసు ఒక వేగంతో, ఇంకోటి ఇంకో వేగంతో తిరుగుతుండగా పళ్లను కలిపితే కోసుకుపోతాయి. డాష్‌బోర్డులో దీపం కాసేపు మినుకుమని నిలకడగా వెలగాలి. మినుకుతూనే ఉంటే నాబ్‌ను అటూ ఇటూ తిప్పకుండా, తిన్నగా నాలుగైదు మీటర్లు ముందుకు, మళ్లీ వెనక్కి నడపండి. పళ్లు ఎదురెదురుగా ఉంటే ఆ కాస్త కదలికతో సర్దుకుని పడతాయి. మూడు నాలుగు సార్లు చేసినా దీపం మినుకుతూనే ఉంటే, అప్పుడు యాక్చుయేటరునో (పళ్లను కలిపే చిన్న మోటారు) స్విచ్చునో వైరింగునో అనుమానించాలి.

4ఎల్ (నాలుగు చక్రాలకూ శక్తి, తక్కువ వేగం ఎక్కువ లాగుడు, అంటే లో రేంజి) పద్ధతి వేరు. బండి పూర్తిగా ఆగాలి. ఆటోమేటిక్ అయితే బ్రేకు తొక్కి న్యూట్రల్‌లో, మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచి తిప్పాలి. ఇక్కడ ఒక్క టక్‌మన్న శబ్దం సహజం. లో రేంజిలో గేరు నిష్పత్తి సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది కాబట్టి మొదటి గేరులో బండి నత్తనడక నడుస్తుంది, ఇంజిన్ అరుస్తుంది. అది లోపం కాదు. సరుకుతో మట్టి గట్టు మీదకు రివర్స్‌లో ఎక్కించేటప్పుడు 4ఎల్ వాడితే క్లచ్ బతుకుతుంది. 2హెచ్‌లో సగం క్లచ్ మీద వేలాడదీస్తే కొత్త క్లచ్ ప్లేటు ఒక్కరోజులోనే కాలి వాసన పట్టేస్తుంది.

తిరిగి 2హెచ్‌లోకి రానప్పుడు చాలామంది కంగారుపడతారు. తారు మీద కాసేపు 4హెచ్‌లో నడిపి ఉంటే షాఫ్టుల్లో మెలి మిగిలి పళ్లను బిగపట్టి ఉంచుతుంది. నాబ్ 2హెచ్‌లో ఉంచి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, నెమ్మదిగా ఐదు మీటర్లు రివర్స్ రండి. మెలి వీడి, టక్‌మని దానంతటదే వదులుతుంది.

టైర్ల సంగతి కాస్త లెక్క వేసి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే బండిని పాడుచేసుకుంటారు. 265/65 ఆర్17 టైరు చుట్టుకొలత సుమారు 2.44 మీటర్లు. వెనక జత కొత్తది వేసి, ముందు జత 3 మిల్లీమీటర్లు అరిగి ఉందనుకోండి. ముందు చక్రం చుట్టుకొలత 19 మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. కిలోమీటరుకు 410 చుట్లు తిరిగే చక్రానికి అది దాదాపు 8 మీటర్ల తేడా. 4హెచ్‌లో తిన్నగా పోతున్నా మెలి పడుతూనే ఉంటుంది. అందుకే టైర్లు ఐదుకు ఐదూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఒకే నమూనావి ఉండాలి. 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి వాటి స్థానాలు మార్చుకుంటూ తిప్పాలి. గాలి కూడా మాన్యువల్ చెప్పినంతే పెట్టాలి. ఖాళీ బండికి, బరువు బండికి అంకెలు వేరుగా ఉంటాయి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూడండి.

ఇక గేర్‌బాక్స్. కొత్త ఆటోమేటిక్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త మొండిగా గేర్లు మారుస్తుంది. లోపలి క్లచ్ పలకల కట్టలు కుదురుకోవాలి, కంప్యూటరు మీ కాలి బరువు నేర్చుకోవాలి. పొద్దున్నే ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు నుంచి మూడో గేరుకు ఆలస్యంగా మారడం కూడా సాధారణమే, పది నిమిషాల నడకకు పోవాలి. వేడెక్కాక కూడా కుదుపు ఉంటే రాసుకోండి. న్యూట్రల్ నుంచి డి (డ్రైవ్) లోకి వేశాక రెండు సెకన్లు దాటి ధన్‌మని పట్టుకున్నా, నిలకడగా పోతుంటే ఇంజిన్ చుట్లు వాటంతటవే పెరిగి బండి వేగం పెరగకపోయినా వారంటీలో చూపించాల్సిందే. ఇలాంటి బళ్లకు చాలావాటికి ఆయిల్ చూసుకునే కడ్డీ ఉండదు. నిర్ణీత వేడి దగ్గర, బండిని సమతలంగా ఉంచి కొలవాలి. వీధి చివర షాపులో పోయించవద్దు.

వాలులో ఆపి పి లో వేసి, తీసేటప్పుడు దబ్‌మంటే అది గేర్‌బాక్స్‌ను పట్టి ఉంచే పార్కింగ్ పంటి మీద బండి బరువంతా వేలాడటం వల్ల. బ్రేకు తొక్కి న్యూట్రల్‌లో పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ లాగండి, కాలు నెమ్మదిగా వదిలి బరువు దాని మీద పడనివ్వండి, ఆ తర్వాతే పి లోకి వేయండి.

మాన్యువల్ బండి మొదటి 1,000 కిలోమీటర్లు గేరు గట్టిగా ఉంటుంది, బలవంతం చేయకండి. ఆ దూరం ఒకే వేగంతో గంటలకొద్దీ నడపవద్దు, ఇంజిన్ గొంతు చించేలా తొక్కవద్దు. ట్రెయిలరు లాగడం 800 కిలోమీటర్లు దాటాకే.

శబ్దాలను వేరు చేసుకోవడం నేర్చుకుంటే సగం సందేహాలు తీరతాయి. ఆగి కదిలేటప్పుడు ఒక్కసారి టక్‌మంటే మొదట ప్రొపెల్లర్ షాఫ్టు జారుడు భాగానికి, క్రాస్‌లకు గ్రీజు ఎక్కించే నిపుల్స్ ఉన్నాయేమో చూసి, లిథియం గ్రీజు కొట్టించండి. చాలాసార్లు దాంతోనే పోతుంది. బరువుతో బయలుదేరినప్పుడు 20 నుంచి 40 వేగం మధ్య వణుకు వస్తే వెనక కమాన్లు కుంగి షాఫ్టు కోణం మారిందని, లేదా సెంటర్ బేరింగ్ రబ్బరు సంగతి అని అర్థం. యాక్సిలరేటర్ తొక్కితే హోరు పెరిగి, వదిలితే మారిపోతుంటే ఇరుసు మధ్యలోని గేర్ల జత క్రౌన్ పినియన్‌ను అనుమానించాలి. ఎడమకు తిప్పినప్పుడు హోరు పెరిగితే బరువు కుడి చక్రం మీదకు పడుతుంది కాబట్టి కుడి బేరింగును చూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టిక్‌టిక్‌మంటే ముందు యాక్సిల్ రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చిమ్మిందేమో కింద పడుకుని చూడండి.

నీళ్లలో దింపిన బండికి ఇరుసు హౌసింగ్ (గేర్లుండే పెట్టె) ఆయిల్ చూడటం తప్పనిసరి. దూరం నడిచి వేడెక్కిన ఇరుసు చల్లని కాలువలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) నుంచో సీలు నుంచో నీళ్లు లాగుతుంది. నింపే బోల్టు విప్పి వేలు పెట్టండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే వెంటనే మార్పించాలి. మార్పించేటప్పుడు ఎప్పుడూ పైనున్న నింపే బోల్టు విప్పాకే కిందిది తీయాలి. పైది తుప్పుపట్టి రాకపోతే, కిందది తీసేసిన బండి ఖాళీ హౌసింగుతో నిలబడిపోతుంది. నింపే రంధ్రం అంచు దాకా ఆయిల్ రావాలి.

నెలకోసారి కనీసం 16 కిలోమీటర్లు 4హెచ్‌లో, మట్టి బాట మీద నడపాలి. ముందు ఇరుసు పళ్లకు, సీళ్లకు ఆయిల్ అందుతుంది. ఏడాదిపాటు వాడని యాక్చుయేటరు, అవసరం పడిన రోజే పట్టేస్తుంది.

సర్వీసు సెంటరుకు వెళ్లేటప్పుడు “గేరు బాలేదు” అని జాబ్ కార్డులో రాయిస్తే ఉపయోగం లేదు. ఏ వేగంలో, ఏ గేరులో, ఏ మోడ్‌లో, చల్లగానా వేడిగానా, ఎంత బరువుతో అన్నది రాయించండి. పక్కన మెకానిక్‌ను కూర్చోబెట్టుకుని అదే రోడ్డు మీద చూపించండి. కంప్యూటరులో ఫాల్ట్ కోడ్ నిలిచి ఉందేమో, గేర్‌బాక్స్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందేమో అడగండి. బండి ఎక్కడైనా ఆగిపోతే వెనక చక్రాలు నేల మీద ఉంచి లాగనివ్వకండి, ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. ఇంజిన్ ఆగి, చక్రాలు మాత్రం తిరుగుతుంటే ఆటోమేటిక్ లోపల ఆయిల్ పంపు పనిచేయదు, పళ్లు పొడిగా రుద్దుకుంటాయి.